గాజుతీగ విన్న మాట

తుఫాను నాడు కూలిన గోడ కింద డిల్లేశ్వరరావు తల్లి ఆరు గంటల సేపు బతికే ఉందని తర్వాత డాక్టరు చెప్పాడు. కాశీబుగ్గ శివారు కొత్తవీధిలో ఆ పూట పదకొండు ఇళ్లు కూలాయి. గాలి హోరులో ఎవరి కేక ఎవరికీ వినపడలేదు. డిల్లేశ్వరరావు అప్పుడు నాలుగిళ్ల అవతలే ఉన్నాడు. ఎవరి మీదో పడ్డ రేకులు లాగుతున్నాడు. తల్లి తన చెల్లెలింటికి వెళ్లి ఉంటుందనుకున్నాడు.

వీధికంతటికీ కేబుల్ వేసేవాడు అతనే. మొదట టీవీ తీగలు, తర్వాత ఇంటర్నెట్టు గాజుతీగలు. అరవై నాలుగు ఇళ్లకు లాగాడు. ఏ తీగ ఏ స్తంభం మీంచి ఎవరి కిటికీలోకి పోతుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. తుఫానైన రెండేళ్లకు విశాఖపట్నం ప్రయోగశాల నుంచి సువర్చల అనే పరిశోధకురాలు వ్యానులో వచ్చి అతని కోసమే అడిగింది.

"మీ తీగలు నాకు రెండు నెలలు ఇస్తారా?" అంది. "నెట్టుకి అడ్డం రాను."

మొదటి రోజు అతని చేతికి గునపం ఇచ్చి, రైల్వే గేటు దగ్గర నేల మీద పొడవమంది. తను వ్యానులో తెర ముందు కూర్చుంది. అతను మూడు పోట్లు పొడిచి వచ్చి చూస్తే తెర మీద మూడు గీతలున్నాయి. పక్కన దూరం కూడా రాసి ఉంది. గేటు నుంచి వ్యాను దాకా అతను నడిచి వచ్చిన అడుగులు చీమలబారులా కనిపించాయి.

"ఇది నానేనా?"

"మీరే. తీగలో వెలుగు పోతుంటుంది కదా. అందులో రవ్వంత వెనక్కి తిరిగి వస్తుంది. నేల అదిరితే ఆ తిరిగొచ్చే వెలుగు కూడా వణుకుతుంది. ఆ వణుకును చదవడమే నా పని."

చదవడం నేర్చాక ఆమె చిన్న పెట్టె ఒకటి తయారు చేసింది. అరచేతంత ఉంటుంది. కరెంటు అక్కర్లేదు. లోపల ఇరవై మీటర్ల గాజుతీగ చుట్ట చుట్టి ఉంటుంది. దాన్ని గోడకు బిగిస్తే గోడే చెవి అవుతుంది. మొదటి పెట్టెను డిల్లేశ్వరరావు తన ఇంటి గోడకే బిగించాడు. పరీక్ష కోసం గదిలో అతన్ని పడుకోబెట్టి, మీద జీడిపొట్టు బస్తాలు పేర్చారు. వీధి చివర వ్యానులో సువర్చల, ఆమె పక్కన అతని భార్య దమయంతి కూర్చున్నారు. ఏదో ఒకటి మెల్లగా పలకమన్నారు. బస్తాల చీకట్లో అతనికి ఇంకేమీ తోచక "అమ్మా" అన్నాడు.

బయటికి వచ్చాక సువర్చల ఆ పిలుపు వినిపించింది. గరగరమంటూ, నీళ్లలోంచి వచ్చినట్టు, అయినా స్పష్టంగా ఉంది. డిల్లేశ్వరరావు వ్యాను మెట్టు మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. దమయంతి అతని భుజం మీద చెయ్యి వేసింది.

ఆ మధ్యాహ్నం డిల్లేశ్వరరావు ఇంట్లోనే సువర్చల చోడంబలి తాగింది. అప్పుడు అతను అడిగాడు. "మేడమ్, మరిది రోజూ ఇలగే వింటాదా?"

"వినదు. గోడ విరిగిన అదురు తగిలితేనే తీగ అవతలి కొసనున్న యంత్రం లేస్తుంది. మిగతా వేళ నిద్రే. ఇంట్లో మాటలతో మనకేం పని? నా మాట నమ్మండి."

అతను నమ్మాడు. ఇల్లిల్లూ తిరిగి అదే మాట చెప్పాడు. 'తుఫాను పెట్టె' అని పేరు కూడా అతనే పెట్టాడు. కొందరు ముఖం చిట్లించారు. "గోడ కూలితేనే వింటాది. నాది పూచీ" అన్నాడు. తల్లి సంగతి తెలిసిన వీధి కనుక ఎవరూ కాదనలేకపోయారు. చివరికి సువర్చల ఒక కాగితం ఇచ్చి, ఏ పెట్టె ఎవరి ఇల్లో రాసిమ్మంది. రక్షించే వాళ్లకు తోవ తెలియాలి కదా. అరవై నాలుగు పేర్లూ తన చేత్తోనే, గుండ్రటి అక్షరాలతో రాసిచ్చాడు.

మరుసటేడు ఆ పెట్టెను తీరరేఖ అనే నెట్ కంపెనీ కొనుక్కుంది. సువర్చల కూడా కంపెనీలో పెద్ద హోదాలో చేరింది. కేబుల్ ఆపరేటర్లకు ఫోనులో రోజూ వచ్చే 'కేబుల్ కబురు' అనే వార్తాపత్రిక ఉంది. కొత్త రుసుములు, కొత్త నిబంధనలు, ఎక్కడ తీగలు తెగాయి, ఎక్కడ దొంగలు పడ్డారు, అన్నీ అందులో వస్తాయి. ఒకరోజు అందులో ఒక ముక్క వచ్చింది. నెట్‌వర్క్ భద్రతా నిబంధనల్లో 'ముందస్తు భద్రత' అనే క్లాజు చేర్చారట. డిల్లేశ్వరరావు శీర్షిక చదివి, మంచి మాటే కదా అనుకుని, తన ఖాతాదారులందరికీ పంపించాడు. లోపల ఏముందో చదవలేదు.

* * *

దమయంతి జీడి ఫ్యాక్టరీలో పదమూడేళ్లుగా పిక్కలు కొడుతోంది. ఆమెకు పని నేర్పింది పుణ్యవతి. ఆరేడేళ్లు పెద్దది, మొగుడు పోయిన మనిషి. జీడినూనె అంటి వేళ్లు పుండ్లు పడితే బూడిదా ఆముదమూ ఎలా పట్టించాలో ఆమే చూపించింది. దమయంతి ఆమెను సొంత అక్కలా "అప్పా" అని పిలిచేది. కానుపుకి కూడా ఆమే వచ్చి పదిరోజులు ఇంట్లో ఉంది.

ఫ్యాక్టరీ వెనక షెడ్డులో ఒక పాత బాయిలర్ ఉండేది. పిక్కల్ని ఆవిరి పట్టడానికి. దాని మీద ఆవిరి వదిలే మూత పనిచేయక ఏడాదైంది. మాఘమాసంలో ఒకసారి గొట్టం ఊడి లోలాక్షి అనే మనిషికి మోచేయి నుంచి వేళ్ల దాకా ఉడికిపోయింది. వంటింట్లో కాల్చుకున్నానని ఆసుపత్రిలో చెప్పమన్నారు. తనిఖీ అధికారి వచ్చిన ప్రతిసారీ ఆ షెడ్డుకు తాళం పడేది.

మంగళవారం మళ్లీ అధికారి వస్తున్నాడని తెలిసి, ఆదివారం మధ్యాహ్నం దమయంతితో కలిపి ఏడుగురు ఆడవాళ్లు ఆమె ఇంట్లో చేరారు. ఫోన్లన్నీ తీసి వీధి అరుగు మీద బుట్టలో పెట్టారు. దమయంతి నెట్ డబ్బా ప్లగ్గు పీకేసింది. గోడ మీది పెట్టె వైపు చూసి మొగుడిని అడిగింది.

"ఇదో?"

"అది నిద్దరోతంది. గోడ కూలితేనే నెగుస్తాది" అని అతను నవ్వి, స్తంభం ఎక్కే పనుందని వెళ్లిపోయాడు.

బాయిలర్ దగ్గరికి అధికారిని ఏ గేటులోంచి తీసుకెళ్లాలి, ఎవరు ముందు లేవాలి, లోలాక్షి ఎక్కడ నిలబడాలి, అంతా అనుకున్నారు. "ఏడుగురం ఒక్కపాలి నెగిస్తే ఏడుగుర్నీ తీసీలేడు" అంది దమయంతి, అలవాటుగా మోకాలి మీద రెండుసార్లు చరిచి. అందరూ నవ్వారు. అత్తారింట్లో ఉన్న కూతురికి జ్వరంగా ఉందని పుణ్యవతి ఆ మాటయ్యాక మధ్యలోనే లేచి వెళ్లింది.

సోమవారం పొద్దున వాళ్లు వెళ్లేసరికి వెనక షెడ్డు ఖాళీ. బాయిలర్‌ను లారీలో ఎత్తేశారు. గోడలకు సున్నం తడి కూడా ఆరలేదు. మేనేజరు ఏడుగుర్నీ గదిలోకి పిలిచి దమయంతి వైపు చూశాడు.

"ఏడుగురం ఒక్కసారి లేస్తే ఏడుగురినీ తీసేయలేడు అన్నావంట. ఒకరిని తీసేస్తే ఏం చేస్తారో చూద్దాం" అని లోలాక్షిని ఆ పూటే ఇంటికి పంపేశాడు.

ఆ మాట ఆదివారం గదిలో ఉన్నవాళ్లకు తప్ప మరో మనిషికి తెలిసే వీల్లేదు. మధ్యలో లేచి వెళ్లింది ఒక్కరే. ఆ ఒక్కరి అల్లుడు మేనేజరు కారు నడుపుతాడు. ఎవరికీ పెద్దగా ఆలోచించాల్సిన పని లేకపోయింది.

మధ్యాహ్నం అన్నం దగ్గర దమయంతి అందరి ముందూ అడిగింది. "సెప్పు అప్పా. నీ అల్లుడికి సెప్పినావా?"

"నానెవలికీ సెప్పనేదు. నా పిల్ల మీద ఒట్టు."

"మరి ఆడికి నా మాట మాటగా ఎలగ తెలిసింది? గోడలు సెప్పినాయా?"

పుణ్యవతి అన్నం గిన్నె పక్కన పెట్టింది. "దమయంతీ, నన్ను సూసి సెప్పు. నాను సెప్పుంటానా?"

దమయంతి ఆమెను చూడలేదు. అక్కడ లేని లోలాక్షి చేతినే చూస్తున్నట్టు నేల వైపు చూసి అంది. "ఇయ్యాల్టికాడ్నించి నువ్వు నాకు అప్పవి కావు."

ఆ రోజు నుంచి ఆడవాళ్లు పీటలు దూరంగా జరుపుకున్నారు. పుణ్యవతి వస్తే మాటలు ఆగిపోయేవి. ఆమె కొట్టిన పిక్కల గంపను ఎవరూ పట్టి ఎత్తేవారు కాదు. పన్నెండు రోజులు ఒక్కర్తే కూర్చుని పనిచేసి, పదమూడో రోజు రాలేదు.

* * *

నాలుగు నెలలకు విశాఖపట్నంలో పెద్ద సభ జరిగింది. తుఫాను పెట్టెను కోస్తా అంతటా తప్పనిసరి చేయాలా వద్దా అని నియంత్రణ అధికారులు పిలిచిన బహిరంగ విచారణ అది. పెట్టెలు ఇళ్లలో మాటలు వింటాయని కొందరు అభ్యంతరం చెప్పారట. ఆదర్శ ఆపరేటరుగా డిల్లేశ్వరరావును తీరరేఖ వాళ్లు రైలు టికెట్టు కొని పిలిపించారు. పొద్దున వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. ఫొటో తీశారు. బస్తాల కింద అతను పిలిచిన "అమ్మా" అనే పిలుపు హాలంతా వినిపించినప్పుడు జనం లేచి చప్పట్లు కొట్టారు. అతని ఛాతీ నిండిపోయింది.

తర్వాత కంపెనీ అధికారి మైకు అందుకున్నాడు. "ప్రమాదం లేని వేళ మా పెట్టెకు వినపడేది ఇదీ" అని ఒక ముక్క వినిపించాడు. "ఒక మామూలు ఇల్లు, ఒక మామూలు మధ్యాహ్నం. ఒక్క మాటైనా అర్థమైతే చెప్పండి."

జుమ్మని, తేనెపట్టు దగ్గర చెవి పెట్టినట్టు ఏదో మోత. హాల్లో నవ్వులు లేచాయి. మాటలు లేవు, నిజమే. కానీ ఆ మోత వెనక టక్కు, టక్కు మని ఒక ఫ్యాను కొట్టుకుంటోంది. మూడు చుట్లకు ఒకసారి ఆగి, మళ్లీ కొట్టుకుంటోంది. ఎన్ని నెలలుగానో బాగుచేస్తానని చెయ్యని తన ఇంటి ఫ్యాను. మోత కొంచెం పైకి లేచింది, ఆగింది. రెండు చరుపులు. వెంటనే కొంతమంది ఆడవాళ్ల నవ్వు.

డిల్లేశ్వరరావు ముందుకు వంగి చెవి పెట్టాడు. పద్దెనిమిదేళ్లు కలిసి బతికిన మనిషి గొంతు గుర్తుపట్టడానికి అతనికి మాటలు అక్కర్లేదు.

ఆపరేటర్ల వంతు వచ్చినప్పుడు అతను లేచి, వేదిక మీద కూర్చున్న సువర్చలను చూసి అడిగాడు.

"మేడమ్, అది మా ఇల్లు. మాటాడింది నా ఆడమనిషి. ఆ రోజు మా గోడ కూల్నేదు కదమ్మా. మరెందుకు విన్నాది?"

సువర్చల మైకు వైపు వంగింది. కంపెనీ అధికారి ఆమె ముందున్న మైకును తన వైపు జరుపుకుని, "పొరపాటు పడుతున్నారు" అన్నాడు. అధ్యక్షుడు గడియారం చూసుకుని, వ్యక్తిగత ఫిర్యాదులు రాతపూర్వకంగా ఇవ్వాలని చెప్పి, తర్వాతి పేరు పిలిచాడు.

మధ్యాహ్నం వరండాలో సువర్చల అతని దగ్గరికి వచ్చింది. చేతిలో టీ కప్పు పట్టుకుంది కానీ తాగడం లేదు.

"ఆ ముక్క నేనే ఏరాను. ఎవరిదో చూడలేదు. శబ్దం బాగుందని తీసుకున్నాను."

"ఆడు వినిపించింది మసక. అసల్ది మాటలతో ఉంటాదా?"

"ఉంటుంది. నిద్రపోతే ప్రమాదం ముందుగా ఎలా తెలుస్తుందని కంపెనీలో అన్నారు. ఎప్పుడూ మేలుకుని ఉండాలని 'ముందస్తు భద్రత' పేరుతో నిబంధన మార్చారు. మార్చిన కాగితం మీద నా సంతకం కూడా ఉంది, డిల్లేశ్వరరావు గారూ. గ్యాసు, మంట, పేలుడు, బాయిలర్... ఇలాంటి కొన్ని మాటలు వినపడితే యంత్రం ఆ సంభాషణను విడిగా తీసి పెడుతుంది. ఆ ప్రాంతంలో భద్రతా పథకంలో చేరిన ఫ్యాక్టరీలకు పంపుతుంది. ప్రమాదాన్ని ముందే ఆపుతారని..."

"ఆపినారమ్మా. పెమాదం ఉన్నాదని సెప్పినోళ్లని ఆపినారు."

ఆమె తల దించుకుంది. "పేర్లు వెళ్లవనుకున్నాను. ఇంటి గుర్తు మాత్రమే వెళ్తుంది."

"ఆ గుర్తు ఏ ఇంటిదో ఎవలు రాసిచ్చినారు?"

అడిగిన మరుక్షణం తనే జవాబు తెలుసుకున్నాడు. తను రాసిచ్చిన గుండ్రటి అక్షరాలు కళ్లముందు కదిలాయి. అతను శాలువా మడిచి ఆమె పక్కనున్న కుర్చీలో పెట్టాడు.

"మా ఇంట అంబలి తాగినావమ్మా" అన్నాడు. స్టేషను వైపు నడిచాడు.

రైల్లో ఉండగానే 'కేబుల్ కబురు' వచ్చింది. 'తుఫాను పెట్టెకు ఆపరేటర్ల ఏకగ్రీవ మద్దతు' అని శీర్షిక. కింద శాలువా కప్పుకుని నవ్వుతున్న తన ఫొటో. లోపల అంతా ఈసారి చదివాడు. తను అడిగిన ప్రశ్న ఎక్కడా లేదు.

* * *

ఇంటికి వచ్చి, చెప్పులైనా విప్పకుండా కత్తెరతో పెట్టె తీగ తెంపాడు. అయినా ఆ గదిలో మాట్లాడటానికి నోరు రాలేదు. దమయంతిని వీధి చివర పంపు దాకా నడిపించి అక్కడ చెప్పాడు.

ఆమె ఆఖరిదాకా విని మొదట అడిగింది ఒకటే. "అయితే అప్ప కాదా?"

"కాదు."

దమయంతి పంపు గట్టు మీద కూర్చుండిపోయింది. తలెత్తి అతన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "నిద్దరోతందని నువ్వే సెప్పినావు గదా" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే అతనికి కొంత తేలికయ్యేది.

మర్నాడు పొద్దున్నే నిచ్చెనా కత్తెరా తీసుకుని అతను ఇల్లిల్లూ తిరిగాడు. తను అబద్ధం చెప్పానని, తనకూ తెలియదని, తెలుసుకోవాల్సిందని ప్రతి గుమ్మంలోనూ చెప్పాడు. కొందరు తిట్టి తెంపించుకున్నారు. లోలాక్షి మచ్చ పడిన చేత్తో నిచ్చెన పట్టుకుంది. ఇరవై ఆరు ఇళ్ల వాళ్లు మాత్రం తెంపనివ్వలేదు. "మాం దొంగలం కాం, వింటే విననీ" అన్నాడు ఒకాయన. తుఫానులో తమ్ముణ్ణి పోగొట్టుకున్న ఇంకొకామె అడిగింది. "ఈపాలి గోడ కూలితే నువ్వు వింటావా నాయనా?" అతను నిచ్చెన ఎత్తుకుని పక్కింటికి నడిచాడు.

పుణ్యవతి ఇల్లు రైలు పట్టాల వైపు చివరిది. అక్కడికి దమయంతి కూడా వచ్చింది. పుణ్యవతి వాకిట్లో కొండచీపుర్లు కట్టుకుంటోంది. మనిషి చిక్కిపోయింది. వాళ్లను చూసి పురి ఆపలేదు, కూర్చోమనీ అనలేదు. డిల్లేశ్వరరావు నిలబడే అంతా చెప్పాడు. చెప్పడం అయ్యాక దమయంతి ఆమె ముందు కూలబడి రెండు చేతులూ పట్టుకుంది.

"తప్పైపోనాదప్పా. పెట్టె విన్నాదట. నువ్వు కాదట."

పుణ్యవతి మెల్లగా చేతులు విడిపించుకుంది.

"నాను కాదని ఆ రోజే సెప్పినాను గదే. నువ్వు పక్కనే కూకున్నావు. పెట్టె ఇంత దూరం నించి విన్నాది. నీకు వినపళ్లేదు."

దమయంతి ఏడుస్తోంది. పుణ్యవతి ఇంకో గుప్పెడు పుల్లలు తీసి, చివర్లు సమంగా నేలకు తట్టి, తాడు చుట్టింది. డిల్లేశ్వరరావు గోడ మీది పెట్టె వైపు చూసి, "వదినా, తీగ తెంపీనా?" అని అడిగాడు.

"ఉండనీ."

"అది ఇప్పుడూ వింటన్నాది."

"విననీ, డిల్లేసూ. నాలుగు నెల్లయి ఈ వాకిట్లోకి ఎవలొచ్చినారు? మాటాడీ మనిసి నేని ఇంట్లో దానికేటి దొరుకుతాది?"

ఆమె కట్టిన చీపురును గోడకు ఆనించి, లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది. గడియ పెట్టిన చప్పుడు బయట నిలబడ్డ ఇద్దరికీ వినపడింది.